కొల్లేరు నుంచి ఆర్ల్‌కి: పద్దెనిమిది ప్రింట్లు, ఒక అద్దె కొట్టు, ఒక తూము

కొల్లేరు ఫొటోలను ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో ప్రదర్శనకు పెట్టిన ఒక ఫొటోగ్రాఫర్ కేసు ఇది. ఆయనది ఏలూరు. వృత్తి పెళ్ళిళ్ళు, వ్యాపకం కొల్లేరు. పదకొండేళ్ళలో సరస్సు మీద తొమ్మిది వేల పైచిలుకు ఫ్రేములు పోగయ్యాయి. చివరి రెండేళ్ళ ఫోల్డర్లు తెరిస్తే మాత్రం ఒకే ఫొటో మళ్ళీమళ్ళీ కనిపిస్తుంది. ఆటపాకలో గూడబాతులు, పొద్దుపొడుపులో దోనె, నీళ్ళలో దాని నీడ. ఫోకస్ తప్పదు, వెలుగు తప్పదు, కూర్పు తప్పదు. ఏ ఫొటో ఎలా వస్తుందో నొక్కకముందే తెలిసిపోతోంది కాబట్టి నొక్కాలన్న ఆసక్తి పోయింది. ఆయన దీన్ని "చేతికి తుప్పు పట్టింది" అనుకున్నారు. నిజానికి చెయ్యి బాగానే ఉంది. అవే ఫొటోలను అదే ఊళ్ళో, అదే మెచ్చుకోలు చెప్పే అదే నలభై మందికి చూపిస్తూ రావడమే అసలు చిక్కు.

విదేశీ ఫెస్టివల్‌లో ప్రదర్శన పెడితే ఉత్సాహం తిరిగి వస్తుందని చాలామంది నమ్ముతారు. వస్తుంది కూడా. కొత్త ఊరు, పెద్ద పేర్లు, చప్పట్లు కలిసి ఇచ్చే ఉత్సాహం తిరుగు విమానం దిగేసరికి సగం ఆవిరవుతుంది. ఈ కేసులో మిగిలింది వేరే చోట నుంచి వచ్చింది. అది ఎక్కడ నుంచో చెప్పాలంటే ముందు ఏర్పాట్ల గురించి చెప్పాలి.

ఆర్ల్ ఎందుకు

దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో 1970 నుంచి ఏటా ఫొటోగ్రఫీ ఉత్సవం జరుగుతోంది. ఫొటోగ్రాఫర్ లూసియెన్ క్లెర్గ్, రచయిత మిషెల్ తూర్నియే, చరిత్రకారుడు జాన్ మొరీస్ రుకెట్ మొదలుపెట్టారు. జూలై మొదటి వారంలో ప్రారంభోత్సవం, ఆ తరువాత వేసవి అంతా ప్రదర్శనలు. పాత చర్చిలు, మఠాల వరండాలు, మూతపడిన రైల్వే వర్క్‌షాపులు, చివరికి సూపర్‌మార్కెట్ మేడ మీది హాలు కూడా గ్యాలరీలవుతాయి. ప్రధాన కార్యక్రమంలోకి క్యూరేటర్ల ఎంపికతోనే వెళ్ళాలి. దానికి సమాంతరంగా ఊరంతా "ఆఫ్" ప్రదర్శనలు నడుస్తాయి. 1996లో మొదలైన వ్వా ఆఫ్ ఆ కోవలోదే. ఇవి కాక ప్రారంభ వారంలో ఊళ్ళో కొట్లు, గరాజులు అద్దెకు తీసుకుని ఎవరికి వారే పెట్టుకునే ప్రదర్శనలు పదుల్లో ఉంటాయి. ఈ కేసు ఆ చివరి కోవలోది. లా రొకెట్ పేటలో ఒక చిన్న కొట్టు, పది రోజులకు.

ఊరి ఎంపికకు ఇంకో కారణం ఉంది, అసలు కారణం అదే. ఆర్ల్ రోన్ నది డెల్టా తలలో ఉంటుంది. నది అక్కడే రెండు పాయలవుతుంది, ఆ పాయల మధ్యదే కమార్గ్. వరి పొలాలు, ఉప్పు మళ్ళు, నీటిపక్షులు, మధ్యలో వాక్కారెస్ అనే పెద్ద ఉప్పునీటి మడుగు. మన కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పడిన మంచినీటి సరస్సు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. కమార్గ్ 1986లోనే ఎక్కింది. రామ్‌సర్ ఒప్పందం వెనుక గట్టిగా నిలబడ్డవారిలో ఒకరైన లూక్ హాఫ్‌మన్ 1954లో టూర్ దు వాలా పరిశోధన కేంద్రం పెట్టింది కమార్గ్‌లోనే. ఆర్ల్‌లో 2021లో తెరిచిన, వాస్తుశిల్పి ఫ్రాంక్ గెరీ కట్టిన లుమా కళాకేంద్రం బురుజు ఆయన కూతురు మాయా హాఫ్‌మన్ సంస్థది. అంటే బురద, పక్షులు, నీటి తగాదాలు ఎరిగిన ఊరికే బురద ఫొటోలు వెళుతున్నాయన్నమాట. పారిస్‌లో పెడితే ఇవి "అందమైన ఆసియా సరస్సు"గా మిగిలిపోయేవి. ఫెస్టివల్ పేరుకన్నా ఊరి నేల ముఖ్యమని ఈ కేసు చూశాక గట్టిగా అనవచ్చు.

తొమ్మిది వేల నుంచి పద్దెనిమిదికి

పని అక్టోబరులో మొదలైంది, ప్రదర్శన జూలైలో. ఆ తొమ్మిది నెలల్లో నాలుగు ఎడిటింగ్‌కే పోయాయి. దండగ అనిపించవచ్చు గానీ ఇంతకన్నా తగ్గించడం కుదరదు.

స్క్రీన్ మీద ఎడిటింగ్ చెయ్యలేదు. మొదటి వడపోతలో నిలిచిన 210 ఫొటోలను 4×6 అంగుళాల మామూలు ల్యాబ్ ప్రింట్లుగా తీయించి నేల మీద పరిచారు. స్క్రీన్ మీద ప్రతి ఫొటో ఒంటరిగా వెలుగుతుంది, నేల మీద పక్కదానితో తగువు పెట్టుకుంటుంది. రెండో వడపోతకు 60 మిగిలాయి. అక్కడ పెళ్ళి ఫొటోగ్రఫీ అలవాటు అడ్డొచ్చింది. పెళ్ళిలో ప్రతి ఫొటో తనంతట తాను సంపూర్ణంగా ఉండాలి, ముఖ్యుడు మధ్యలో, ముఖం వెలుగులో. గోడ మీద వరుసకు అలాంటివి పద్దెనిమిది పెడితే పద్దెనిమిది క్యాలెండర్ పేజీలవుతాయి. వరుస నడవాలంటే ఫ్రేము అంచు దగ్గర ఏదో మిగిలిపోయే ఫొటోలు, పక్క ఫొటోకు చెయ్యి చాచేవి కావాలి.

అందుకని ఒక మొరటు నియమం పెట్టారు. ఫొటో కింద ఏమీ రాయకుండా కొల్లేరు ఎన్నడూ చూడని మనిషికి ఇచ్చి, "దీని తరువాత ఏం చూడాలనిపిస్తోంది" అని అడగాలి. "బాగుంది" అంటే పక్కన పెట్టెయ్యాలి. "ఆ గట్టు అవతల ఏముంది" అంటే ఉంచాలి. ఈ నియమానికి ముందుగా బలైనవి గూడబాతులే. ముప్పై ఒక్క పక్షి ఫొటోల్లో రెండు నిలిచాయి. ఆయనకు అది కష్టమైంది, ఊళ్ళో ఆయన పేరు నిలబడ్డది వాటి మీదే మరి.

చివరికి 18. నాలుగు పెద్దవి, 90×60 సెంటీమీటర్లు. పద్నాలుగు చిన్నవి, 45×30. ఈ కొలతలు ఇష్టాన్ని బట్టి వచ్చినవి కావు. తలుపు, కిటికీ తీసేస్తే కొట్టులో మూడు గోడల మీద కలిపి 14.6 మీటర్ల పొడవు దొరికింది. చిన్నవాటిలో ఆరింటిని ఒకదాని మీద ఒకటిగా మూడు జంటలు చేస్తే మొత్తం పదిహేను నిలువు వరుసలు. వాటి వెడల్పు 8.55 మీటర్లు. మిగిలిన 6.05 మీటర్లను ఫొటోల నడుమ పన్నెండు ఖాళీలకు, గోడల చివర ఆరు ఖాళీలకు పంచితే ఒక్కోటి సగటున 34 సెంటీమీటర్లు. ఈ లెక్క గది ఖాయమైన రోజే వెయ్యాలి. ప్రింట్లు తీయించుకుని అక్కడికెళ్ళి సర్దుదామనుకున్నవాళ్ళు చివరి రోజు మూడు ఫొటోలు మంచం కింద పెట్టుకుని తిరిగొస్తారు.

ప్రింటు, తేమ, గొట్టం

ఫైళ్ళు 24 మెగాపిక్సెళ్ళవి, 6000×4000. 45 సెంటీమీటర్ల వెడల్పుకు అంగుళానికి 339 పిక్సెళ్ళు, సరిపోయి మిగులుతాయి. 90కి 169 మాత్రమే. చేతిలో పట్టుకుని చూస్తే తక్కువే. గోడ మీద ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి చూసేదానికి లోటు లేదు. సాఫ్ట్‌వేర్‌తో పిక్సెళ్ళు పెంచి పదును పెట్టిన టెస్ట్ ప్రింటులో నీటి అలలు ప్లాస్టిక్ రేకులా వచ్చాయి. దాన్ని వదిలేశారు.

కాగితం హానెమ్యూలె ఫొటో రాగ్, 308 జీఎస్ఎం, దూది గుజ్జుతో చేసిన మ్యాట్. తెల్లవారుజాము మంచుకు ఇది దివ్యంగా ఉంటుంది. నల్లటి నీళ్ళకు ఉండదు. మ్యాట్ కాగితం నలుపు, మెరుపున్న బెరైటా కాగితం నలుపంత లోతుగా దిగదు, స్క్రీన్ మీద కనిపించే చీకటి తేడాలు కలిసిపోయి బూడిదరంగు ముద్ద అవుతాయి. ల్యాబ్ ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్ (ఆ ప్రింటరు, ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) పెట్టి, ప్రింటు ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపే సాఫ్ట్‌ప్రూఫ్ చూసి, ఆరు ఫొటోల్లో నీడలను కొద్దిగా పైకి లేపాకే తీరు కుదిరింది. ఒక్కో ఫొటోకు రెండు టెస్ట్ పట్టీలు, 10 సెంటీమీటర్ల వెడల్పున, నీడ ఎక్కువున్న చోట. పూర్తి సైజు టెస్టులు తీయించడం డబ్బు పారబోసుకోవడమే.

అసలు తప్పు ఆ తరువాత జరిగింది. ప్రింట్లు జూన్ మధ్యలో తీశారు, అప్పటికి గాలిలో చెమ్మ బాగా ఉంది. పిగ్మెంట్ ఇంకు పైకి ఆరినట్టు కనిపించినా లోపలి ద్రావకాలు పోవడానికి చెమ్మ రోజుల్లో కనీసం 24 గంటలు, వీలైతే రెండు రోజులు పరిచి ఉంచాలి. ఇక్కడ సాయంత్రం తీసి పొద్దున్నే చుట్టేశారు. చుట్టింది మూడంగుళాల గొట్టంలో, విమానంలో పైన పెట్టుకోవచ్చని. మందపాటి దూది కాగితాన్ని అంత సన్నంగా చుడితే వంపు జ్ఞాపకం పెట్టుకుంటుంది. ఆర్ల్ చేరేసరికి పొడిగాలి, 35 డిగ్రీల ఎండ. చెమ్మ తాగి ఉబ్బిన కాగితం అంచుల నుంచి ఆరడం మొదలెట్టి అప్పడంలా లేచింది. పద్దెనిమిదింటిలో పదకొండు గోడకు ఆనలేదు. బొమ్మవైపు కిందికి పెట్టి, పైనా కిందా ఆమ్లం లేని అట్టలు వేసి, అట్టల మీద పుస్తకాలు పేర్చి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచితే చిన్నవి లొంగాయి. పెద్దవి నాలుగింటిలో రెండింటి మీద మడత గీత పడింది. వాటి టిఫ్ ఫైళ్ళు అక్కడి ల్యాబ్‌కు పంపి మళ్ళీ తీయించాల్సి వచ్చింది.

దీని నుంచి తీసుకోవలసింది సూటిగా ఉంది. 60 సెంటీమీటర్లు దాటిన ప్రింట్లను అక్కడే తీయించాలి, టెస్ట్ పట్టీని మాత్రం ఇక్కడి నుంచి పట్టుకెళ్ళి ల్యాబ్ మనిషి ముందు పెట్టాలి. చిన్నవాటిని చుట్టకుండా రెండు గట్టి అట్టల మధ్య బల్లపరుపుగా, ఒక్కో ప్రింటు మధ్య గ్లాసిన్ అనే పలచటి నునుపు కాగితంతో తీసుకెళ్ళాలి. చుట్టక తప్పదంటే గొట్టం అడ్డుకొలత 15 సెంటీమీటర్లకు తగ్గకూడదు. నైట్రైల్ గ్లవుజులు మరిచిపోవద్దు. మ్యాట్ నలుపు మీద పడ్డ వేలిముద్ర పోదు.

కాగితాలు

ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చెయ్యవచ్చు, 15 రోజుల లోపుకు వస్తే తీసుకోరు. జూలై ప్రయాణాలకు స్లాట్లు దొరకవు కాబట్టి మార్చిలోనే వెళ్ళాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. గది అద్దె ఒప్పందం, ప్రదర్శన తేదీలున్న ఉత్తరం జత చేస్తే ప్రయోజనం ఏమిటో అధికారికి ఒక్క చూపులో అర్థమవుతుంది.

ప్రింట్లు వెళ్ళి తిరిగి వచ్చేవైతే ఏటీఏ కార్నే ఒక దారి, అంటే సుంకం కట్టకుండా సామాను తాత్కాలికంగా విదేశానికి తీసుకెళ్ళనిచ్చే పత్రం. మన దేశంలో వాణిజ్య మండళ్ళ సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది, పూచీకత్తు కట్టాలి. అమ్మే ఉద్దేశం ఉంటే కార్నే పనికిరాదు. అమ్మేవాళ్ళు తెలుసుకోవలసిన ముక్క ఇంకోటుంది. ఐరోపా వ్యాట్ నియమాల్లో ఫొటో "కళాకృతి" అనిపించుకోవాలంటే ఫొటోగ్రాఫరే తీసి, తానో తన పర్యవేక్షణలోనో ప్రింటు చేసి, సంతకం, సంఖ్య వేసి ఉండాలి, అన్ని సైజులూ కలిపి 30 ప్రతులు దాటకూడదు. అన్ని సైజులూ కలిపి అన్న మాట చాలామంది చదవరు. ఇక్కడ ఒక్కో ఫొటోకు ఎనిమిది ప్రతులు, రెండు సొంత ప్రతులు అని వెనకవైపు పెన్సిల్‌తో రాశారు.

గోడ, గాలి, ఒక ఫ్రెంచి మాట

కొట్టు గోడలు సున్నపు గారవి. మేకు కొట్టకూడదని ఒప్పందంలోనే ఉంది. అంటించే పట్టీలు వేస్తే సున్నం పొరతో సహా ఊడి వచ్చాయి. పైన పాత చెక్క పట్టీ ఉంది కాబట్టి దానికి తీగలతో సన్నటి చెక్క బద్దెలు వేలాడదీసి, బద్దెల మీద ఇనుప రేకు బిగించి, ప్రింటు పై అంచును 10 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతాలతో పట్టించారు. చిన్నదానికి రెండు, పెద్దదానికి నాలుగు. మర్నాడు మిస్ట్రాల్ లేచింది. వాయవ్యం నుంచి రోన్ లోయ వెంబడి దూసుకొచ్చే ఆ పొడిగాలికి తలుపు తెరిచినప్పుడల్లా ప్రింట్ల కింది అంచులు తెరచాపల్లా ఎగిరాయి. కింద కూడా బద్దె వేసి అయస్కాంతాలు రెట్టింపు చేస్తే గానీ ఆగలేదు. ఊరి గాలి ఎటు వీస్తుందో గది చూసేటప్పుడే అడగాలి.

ఫొటో మధ్య బిందువు నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో. జంటలకు ఆ ఎత్తున రెంటి నడుమ ఖాళీ. గదిలో ఉన్న 2700 కెల్విన్ పసుపు దీపాల కింద గుర్రపుడెక్క ఆకుపచ్చ కుళ్ళినట్టు కనిపించింది. తలుపులోంచి పడే పగటి వెలుగుతో కలిసి పోవాలంటే 4000 కెల్విన్, రంగు సూచీ (రంగులను ఎంత నిజంగా చూపుతాయో చెప్పే అంకె) 90 దాటిన బల్బులు కావాలి. మార్చాక సరిపోయింది.

వివరణలు ఫ్రెంచిలో ముందు, ఇంగ్లీషులో తరువాత. అనువాదంలో చిక్కు "చెరువు" దగ్గర వచ్చింది. చేపల చెరువును అనువాదకులు "ఎతాఁ" అన్నారు. నిఘంటువు ప్రకారం తప్పేమీ లేదు. కానీ కమార్గ్‌లో ఎతాఁ అంటే వాక్కారెస్ లాంటి సహజమైన మడుగు. మనిషి గట్టు కట్టి సరస్సును ముక్కలు చేసి తవ్విన చెరువులను ఆ మాటతో చెబితే కథంతా తలకిందులవుతుంది. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చెరువుల గట్లు ప్రభుత్వం ఎందుకు కొట్టించిందో చదివేవాడికి అర్థం కాదు. "బాసాఁ" అని మార్చి నాలుగు వివరణలు మళ్ళీ ముద్రించారు. స్థానికుడొకరి చేత ముందు చదివించుకుంటే ఇది జరగదు.

కాళ్ళు ఎక్కడ ఆగాయి

ఇదీ ఈ కేసులో కీలకమైన చోటు. ఫొటోగ్రాఫర్ తలుపు పక్కన నిలబడి తన పని గురించి చెప్పకుండా, మూల స్టూలు మీద కూర్చుని ఎవరు ఏ ఫొటో దగ్గర ఎంతసేపు ఆగుతున్నారో గది పటం మీద గీతలు పెట్టాలన్నది ముందే అనుకున్న పద్ధతి. పెద్ద గూడబాతుల ఫొటో దగ్గర అందరూ ఆగారు, రెండు మూడు సెకన్లు. కమార్గ్‌లో రాజహంసలను (ఫ్లెమింగోలను) రోజూ చూసేవాళ్ళకు పక్షుల గుంపు కొత్తేమీ కాదు. మూడో గోడ మీద ఒక చిన్న ఫొటో ఉంది. గట్టు, అందులో సిమెంటు తూము, నీళ్ళను ఆపే పలకలు సగం లేవు, నీళ్ళు కారుతున్నాయి. రెండు పెద్ద ఫొటోల మధ్య అతుకుగా పెట్టింది. వివరణ "విరిగిన తూము". జనం దాని ముందు ఆగడం, వంగడం, వెనక్కి వచ్చి మళ్ళీ చూడడం మూడో రోజుకే పటం మీద నల్లటి మచ్చలా తేలింది.

ఆగినవాళ్ళలో వరి పండించేవాళ్ళున్నారు. కమార్గ్ వరికి నీళ్ళు రోన్ నుంచి మోటార్లతో తోడాలి, వాడిన నీళ్ళు మురుగు కాలువల్లో పోవాలి, ఎక్కడ ఏ గేటు ఎంత ఎత్తారన్నదాన్ని బట్టి మడుగులో ఉప్పు పెరుగుతుంది, తగ్గుతుంది. రైతుకు మంచినీళ్ళు, ఉప్పు మళ్ళకు ఉప్పునీళ్ళు, పక్షులకు రెండూ. అందుకే వాళ్ళు సరస్సు అందం గురించి అడగలేదు. ఈ తూము ఎవరిది, పలకలు ఎవరు తీస్తారు, ఏ నెలలో తీస్తారు, సముద్రపు నీళ్ళు ఎంత దూరం వస్తాయి అని అడిగారు. పదకొండేళ్ళు కొల్లేరు తీసిన మనిషి దగ్గర ఒక్కదానికీ ఫొటో లేదు. సరస్సు నీళ్ళను సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పేరు తెలుసు, దాని మీద ఫ్రేములు ఇరవై దాటవు.

అదే వారంలో పోర్ట్‌ఫోలియో సమీక్షలు కూడా జరిగాయి, ఒక్కోటి 20 నిమిషాలు, రుసుము కట్టి. నలుగురిని కలిశారు. ఒకరు పక్షులు పెంచమన్నారు, ఇంకొకరు తీసెయ్యమన్నారు. సలహాలను పట్టించుకోవద్దు, ప్రశ్నలను రాసుకోవాలి. నలుగురిలో ముగ్గురి ప్రశ్నలు వరి రైతుల ప్రశ్నల చుట్టూనే తిరిగాయి. సమీక్షకు ల్యాప్‌టాప్ కన్నా 8×10 అంగుళాల ప్రింట్లు ఇరవై పట్టుకెళ్ళడం మేలు. చూసేవాళ్ళ చేతులే వరుస మార్చేస్తాయి, ఆ మార్చిన వరుసను ఫోనుతో తీసిపెట్టుకోవాలి.

తిరిగొచ్చాక

మొదటి నెల పని చెత్తబుట్టలోకి వెళ్ళింది. ఇది దాదాపు అందరికీ జరుగుతుంది, ముందే తెలిస్తే కంగారుండదు. పది రోజుల్లో ముప్పై ప్రదర్శనలు చూసిన కన్ను అక్కడి తెల్లబారిన వెలుగునీ, ఎటూ చూడని ముఖాలనీ, దూరాన్నీ అనుకరిస్తుంది. కొల్లేరు గట్ల మీద తీసినవి నార్వేలో తీసినట్టున్నాయి. నెలరోజులు విదేశీ ఫొటో పుస్తకాలు మూసి, గది పటం కాపీని, ప్రశ్నల చీటీని మాత్రం కెమెరా సంచిలో ఉంచుకోమన్నది ఇక్కడ పనిచేసింది.

ఆగస్టు నుంచి మార్చి వరకు పని తూముల చుట్టూ సాగింది. తెల్లవారుజాము వదిలేసి, నీళ్ళు వదిలే వేళ ఏదైతే ఆ వేళకు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే చోట్లు, లంక గ్రామాల గట్లు, ఉప్పుటేరు వెంబడి సముద్రం దాకా. ఒక్కో తూము దగ్గర ట్రైపాడ్ ఒకే ఎత్తున, ఒకే లెన్సుతో, నెలకోసారి. నీటిమట్టం మారడం తప్ప ఫ్రేములో మరేదీ మారకూడదు. పలకలు ఎత్తే మనుషుల చేతులు విడిగా. ఎనిమిది నెలల్లో నాలుగు వందల ఫ్రేములు. వాటిలో 31 వరుసకు నిలిచాయి. గూడబాతు ఒక్కటి, అదీ తూము గోడ మీద వాలినందుకు.

ఆర్ల్ ప్రింట్లు కైకలూరు దగ్గరి ఒక లంక గ్రామంలో రామాలయం అరుగు మీద కూడా పరిచారు, అట్టల మీదే, ఒక సాయంత్రం. గూడబాతుల దగ్గర పిల్లలు ఆగారు. తూము ఫొటో దగ్గర ఒక పెద్దాయన ఆగి, వివరణ చదివించుకుని, "విరగలేదండీ, చేప ఎదురెక్కుతుందని మేమే పలకలు తీశాం" అన్నారు. ఆర్ల్‌లో పది రోజులు రెండు భాషల్లో గోడ మీదున్న ఆ వివరణ ఇప్పుడు "పలకలు తీసిన తూము, భాద్రపదం" అని ఉంది.